గాలిలో వచ్చే బొమ్మ

కేబుల్ ఆయన మా ఇంటి తీగ కోసుకుపోయే నాటికి సమ్మె మొదలై పదిహేను రోజులు. మనిషి మంచివాడే. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చి, మంచం మీదున్న నాన్నకి నమస్కారం పెట్టి, ఏమీ అనుకోవద్దని రెండుసార్లు చెప్పి మరీ కోశాడు. నాన్న ఏమీ అనుకోలేదు సరికదా, డబ్బు కట్టనివాళ్ళకి బొమ్మ ఆపడం న్యాయమేనని ఆయనకే ధైర్యం చెప్పి పంపాడు. ఆయన మెట్లు దిగిపోయాక మాత్రం, నల్లగా ఉండిపోయిన టీవీ వైపు చూసి, "ఇప్పుడెలాగే అమ్మాయ్?" అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు వెతకడంలోనే నా వేసవంతా అయిపోయింది.

ఇంట్లో ముగ్గురం. అమ్మ పోయి ఆరేళ్ళయింది. నేనూ తమ్ముడూ ఒకే సబ్బుల ఫ్యాక్టరీలో పనివాళ్ళం. వాడు సబ్బు ఉడికే పెద్ద తొట్టెల దగ్గర, నేను కాగితం చుట్టే యంత్రం దగ్గర. బెల్టు మీద వచ్చే సబ్బుల్లో కాగితం సరిగ్గా అంటనివాటిని ఏరి పక్కన పడేయడం నా పని. పన్నెండేళ్ళుగా అదే. యాజమాన్యం ఏడుగురిని చెప్పాపెట్టకుండా తీసేస్తే, వాళ్ళని వెనక్కి తీసుకునేదాకా లోపలికి అడుగుపెట్టేది లేదని అందరం బయటికి వచ్చేశాం. నేనూ వచ్చాను. చప్పట్లూ కొట్టాను.

నాన్నకి అంతకుముందు చలికాలంలోనే తుంటి ఎముక విరిగింది. ఇంటి నాలుగు గోడలూ, కిటికీలోంచి కనిపించే ఎదురింటి నీళ్ళ ట్యాంకూ, టీవీ, ఇవే ఆయన లోకం. పొద్దున మేం వెళ్ళిపోయాక సాయంత్రం వచ్చేదాకా ఆయనతో మాట్లాడేది ఆ టీవీ ఒక్కటే. ఆయనా దానితో మాట్లాడేవాడు. వార్తలు చదివే అమ్మాయిని కోప్పడేవాడు, వంట చూపించేవాళ్ళకి సలహాలిచ్చేవాడు. తీగ కోసిన మూడో రోజుకి మాట తగ్గింది. అయిదో రోజున నేను వచ్చేసరికి, మధ్యాహ్నం పెట్టి వెళ్ళిన అన్నం కంచంలో అలాగే ఉంది. ఎందుకు తినలేదంటే, మధ్యాహ్నం అయిందని తెలియలేదన్నాడు. నాకు భయం వేసింది.

పై అంతస్తులో ఉండే టైలరమ్మ మనసున్న మనిషి. విషయం తెలిసి తనే దిగి వచ్చింది. తన కేబుల్ డబ్బాలోంచి ఒక తీగ కిటికీ గుండా కిందికి వదులుతానని, కేబుల్ ఆయనకి తెలిసినా చూసీచూడనట్టు పోతాడని చెప్పింది. నేను దణ్ణం పెట్టబోయాను. నాన్న మంచం మీదనుంచే అడ్డుపడ్డాడు.

"నీ టికెట్ మీద నేను ప్రయాణం చేయడం ఏమిటమ్మా?"

ఇక్కడ నాన్న ఉద్యోగం సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్ళు సిటీ బస్సుల్లో టికెట్ తనిఖీ చేశాడు. ఆయన ఎక్కాడంటే బస్సులో దగ్గు కూడా వినపడేది కాదట. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు, చిల్లర లేక టికెట్ తీసుకోకుండా రెండు స్టాపులు వచ్చిందని మా అమ్మనే దింపేశాడు. చంకలో నేనున్నాను. జరిమానా రాసి, తన జేబులోంచి కట్టి, రసీదు ఆమె చేతిలో పెట్టాడు. అమ్మ బతికినన్నాళ్ళూ దాన్ని ఎత్తిపొడుస్తూనే ఉంది. ఆయన నవ్వేవాడే తప్ప, తప్పు చేశానని ఒక్కనాడూ అనలేదు. అలాంటి మనిషి టైలరమ్మ తీగకి ఒప్పుకుంటాడని ఆశపడటం నా బుద్ధితక్కువ.

తమ్ముడి స్నేహితుడొకడు ఫోన్‌లో ఏదో యాప్ పెట్టి, లోకంలో ఉన్న చానళ్ళన్నీ ఉచితమని చూపించాడు. ఇవి నీకెవరిచ్చారని నాన్న అడిగాడు. ఎవరో పెట్టారు, అందరూ చూస్తున్నారన్నాడు వాడు. ఆ ఎవరో ఎవరని నాన్న మళ్ళీ అడిగాడు. పావుగంట ఆ ప్రశ్న చుట్టూ తిరిగి, వాడు టీ కూడా తాగకుండా లేచిపోయాడు.

చివరికి ఒక కంపెనీ వాళ్ళు నెలరోజులు ఉచితంగా చూడమంటున్నారని నేను కనిపెట్టాను. వాళ్ళంతట వాళ్ళే ఇస్తున్నారు కాబట్టి ఇది పాసు లాంటిదని నాన్నని ఒప్పించడానికి ఒక పూట పట్టింది. షరతులన్నీ భూతద్దం పెట్టి చదివి, సరేనన్నాడు. అరచేతంత ఫోన్‌ని గుండెల మీద పెట్టుకుని, మెడ నొప్పి పుట్టేదాకా చూసేవాడు. అన్నం తినడం మొదలుపెట్టాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇరవై తొమ్మిదో రోజున ఆయనే పిలిచి, గడువు దాటకముందే మానేస్తున్నామని వాళ్ళకి తెలియజెయ్యమన్నాడు. తమ్ముడి పేరు మీద ఇంకో నెల తీసుకుందామన్నాను. "ఇంటికి ఒకసారి మాత్రమే అని రాశారు. వాడు మన ఇంట్లోవాడు కాదా?" అని ఫోన్ నా చేతికిచ్చేశాడు.

ఆ మర్నాటి నుంచి మళ్ళీ ఎదురింటి ట్యాంకు.

అప్పటికి సమ్మె ఎనిమిదో వారంలో ఉంది. తమ్ముడు పొద్దున్నే గేటు దగ్గర శిబిరానికి వెళ్ళి, సాయంత్రం ఎండకి మాడిన మొహంతో వచ్చేవాడు. వాడిలో అలుపు లేదు. నాలో తప్ప ఎవరిలోనూ ఉన్నట్టు లేదు. బియ్యం కొట్టువాడి ముందు నవ్వి నిలబడటం, మందుల కొట్టులో ఈసారి సగమే ఇమ్మనడం, ఇంటికొచ్చి నాన్నకి పక్క మార్చడం, గిన్నెలు తోమడం. శిబిరంలో అందరూ చేతులెత్తి అరుస్తుంటే నాకు చెయ్యి పైకి లేవడమే బరువుగా ఉండేది. అలాంటి ఒక మధ్యాహ్నం మా సూపర్‌వైజరు ఫోన్ చేసింది. కంపెనీ బస్సు పాల డిపో వెనక ఆగుతుందనీ, మొహానికి చున్నీ కట్టుకుంటే ఎవరికీ తెలియదనీ, ఇప్పటికే పద్నాలుగు మంది వస్తున్నారనీ చెప్పింది. ఆలోచించుకుంటానన్నాను. ఆలోచించుకోలేదు. మర్నాడు వెళ్ళాను.

ఇంట్లో మాత్రం, ఊరి అవతల ఒక బట్టల కొట్టులో మడతలు పెట్టే పని దొరికిందని చెప్పాను. సమ్మె రోజుల్లో అందరూ ఏదో ఒక చిల్లర పని చూసుకుంటూనే ఉన్నారు కాబట్టి తమ్ముడు నమ్మాడు. పైగా సంతోషించాడు. "నువ్వు ఇల్లు చూసుకో అక్కా, పోరాటం నేను చూసుకుంటా" అన్నాడు. వాడి కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేశాను.

రోజూ సాయంత్రం కుళాయి దగ్గర చేతులు అరిగిపోయేలా కడుక్కుని గాని ఇంట్లో అడుగుపెట్టేదాన్ని కాదు. కానీ సబ్బుని కడుక్కోవడానికి కూడా సబ్బే కావాలి కదా. తొట్టెల దగ్గర పదేళ్ళు నిలబడిన తమ్ముడి ముక్కుకి ఆ వాసన తెలియదు. నాన్న ఒకసారి దిండు సరిచేయించుకుంటూ, సబ్బు వాసన వస్తోందేమిటన్నాడు. బట్టలు ఉతికానన్నాను. ఊఁ అన్నాడు.

అబద్ధం చెప్పిన మనిషి ఇంకో వైపు నుంచి మంచి చేయాలని ఆరాటపడుతుంది. నేనూ అంతే. నాన్నకి ఎలాగైనా బొమ్మ తెప్పించాలని పంతం పట్టాను. పాత సామాన్ల వీధిలో రేడియోలు బాగుచేసే ముసలాయన్ని అడిగితే, ఆయన నన్నే వింతగా చూశాడు. "గాలిలో వచ్చేదానికి కేబుల్ ఎందుకమ్మా? డాబా మీద యాంటెనా పెట్టుకో. ప్రభుత్వం వాళ్ళ చానలు చక్కగా వస్తుంది, ఎవరికీ పైసా కట్టక్కర్లేదు" అన్నాడు. మన ఇళ్ళ మీద ఒకప్పుడు అవే ఉండేవి. జనం మరిచిపోయారు, అంతే.

నాన్న వెంటనే ఒప్పుకుంటే ఆయన నాన్నే కాడు. గాలిలో వచ్చేదానికి లైసెన్సు ఉండేదని, అది లేకుండా చూస్తే నేరమని ఆయనకి గుర్తు. దానికోసం ఒక సగం రోజు సెలవు పెట్టి ప్రభుత్వ కార్యాలయంలో వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చి సంగతి చెబితే, కౌంటరులో కూర్చున్నావిడ పక్కావిడని కూడా పిలిచి నవ్వించింది. ఆ లైసెన్సు ఎత్తేసి ఎన్నాళ్ళో అయిందట. మా నాన్న నోటిమాట నమ్మడు, రాసివ్వమన్నాను. నవ్వుతూనే రాసి, ముద్ర కూడా వేసి ఇచ్చింది. నాన్న ఆ కాగితాన్ని మడిచి దిండు కింద పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున యాంటెనా ఎక్కించాం. తమ్ముడు డాబా మీద గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి, నాన్న చెప్పింది వాడికి అరిచి చెప్పాలి. నాన్న వెనక్కి దిళ్ళు పెట్టించుకుని, టీవీకి ఎదురుగా నిటారుగా కూర్చున్నాడు. చాలా నెలల తరువాత ఆయన మొహంలో డ్యూటీలో ఉన్న మనిషి కనిపించాడు. ఎడమకి అన్నాడు, ఎడమకి అని అరిచాను. తెరంతా చుక్కలు. ఇంకా అన్నాడు. చుక్కల్లోంచి ఎవరో పొలం గురించి చెబుతున్న గొంతు వినిపించింది. ఇంకొంచెం అన్నాడు. తమ్ముడు ఇంకొంచెం తిప్పాడు.

ఉన్నట్టుండి బొమ్మ స్పష్టంగా వచ్చేసింది. మా ఊరి చానలు, ప్రభుత్వం వాళ్ళదే. అది కూడా గాలిలో ఉచితంగా వస్తుందని రేడియో ముసలాయన చెప్పలేదు. తెర మీద మా ఫ్యాక్టరీ గేటు, దాని ముందు శిబిరం, గేట్లోంచి లోపలికి పోతున్న బస్సు. కిటికీలన్నిటికీ కాగితాలు అంటించిన బస్సు. నేను రోజూ ఎక్కే బస్సు.

"ఇంకా తిప్పరా" అని పైకి అరిచాను.

"ఆగమను. ఇదే బాగుంది" అన్నాడు నాన్న.

"ఇంకొంచెం కుడికి" అన్నాను నేను. బొమ్మ చెదిరింది. నాన్న నా వైపు చూశాడు. నేను చెప్పిందేమిటి, నువ్వు అరిచిందేమిటి అని కోప్పడ్డాడు. తమ్ముడు పైనుంచి ఏ వైపో సరిగ్గా చెప్పమని విసుక్కున్నాడు. చేసేదిలేక, ఎడమకి అని చెప్పాను. బొమ్మ వచ్చింది. వాడు గొట్టాన్ని తీగతో బిగించేసి, దిగి వచ్చి, తెర మీద తన శిబిరాన్ని చూసుకుని పొంగిపోయాడు. కేబుల్లో కొన్ని వందల చానళ్ళు వచ్చినన్నాళ్ళూ మా సమ్మెని ఎవరూ చూపించలేదు. మేం చూడనూ లేదు.

అప్పటినుంచి మా ఇంట్లో సాయంత్రం ఆరు గంటలంటే ఊరి వార్తలు. నాన్న అన్నం తింటున్నాడు, మాట్లాడుతున్నాడు, వార్తలు చదివే కుర్రాణ్ణి అప్పుడే కోప్పడటం కూడా మొదలుపెట్టాడు. నేను కోరుకున్నదంతా జరిగింది. వార్తలయ్యేదాకా నేను వంటింట్లో గిన్నెల మోత చేస్తూ గడిపేదాన్ని. గేటు దగ్గర తీసిన బొమ్మల్లో బస్సు కిటికీలు మూసే ఉంటాయి, మొహాలు కనపడవు అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఒకసారి డాబా మీదికి వెళ్ళి గొట్టం మీద చెయ్యి కూడా వేశాను. కింద నుంచి నాన్న నవ్వు వినిపించింది. ఏదో చూసి నవ్వుతున్నాడు. చెయ్యి తీసేసి వచ్చేశాను.

పదిరోజులు గడిచాయి. బస్సు పాల డిపో వెనక ఆగుతుందని శిబిరంలోవాళ్ళకి తెలిసిపోయింది. వాళ్ళు చానలు వాళ్ళకి చెప్పారు. ఎక్కే హడావిడిలో మాకు కెమెరా కనపడలేదు.

ఆ సాయంత్రం తమ్ముడు పెందరాళే వచ్చాడు. చేతిలో నోటు పుస్తకం. ముసుగులేసుకుని వెళ్తున్న పదిహేను మందిలో ఎవరెవరో కనిపెడుతున్నామని, ఇప్పటికి ఆరుగురు తేలారని నాన్నకి చెబుతున్నాడు. నేను నాన్నకి అన్నం పెట్టడానికి ఆ గదిలోకి వచ్చాను. అదే సమయానికి తెర మీద పాల డిపో గోడ కనిపించింది.

ముసుగులు కట్టుకున్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ బస్సు ఎక్కుతున్నారు. చివరికి ముందు ఒకామె. ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుంది, కాలు పెట్టింది, ఎక్కి, తలుపు దగ్గర పక్కకి ఒదిగి, వెనకున్న పెద్దావిడకి చెయ్యి అందించింది. ముందు కడ్డీ, తరువాత కాలు, ఆ తరువాత వెనకవాళ్ళకి చోటు. నాకు నాలుగేళ్ళప్పుడు నాన్న తన డిపోలో ఖాళీ బస్సు నిలబెట్టి, పాతికసార్లు ఎక్కించి దింపి నేర్పిన పద్ధతి అది. మా ఊళ్ళో అలా బస్సు ఎక్కేవాళ్ళు ముగ్గురే. నాన్నా, తమ్ముడూ, నేనూ. తమ్ముడు శిబిరంలో ఉన్నాడు. నాన్న మంచం మీద ఉన్నాడు.

తమ్ముడు పుస్తకంలో ఏదో రాసుకుంటూ తల ఎత్తబోయాడు.

"మంచినీళ్ళు పట్రారా" అన్నాడు నాన్న.

వాడు లేచి వెళ్ళాడు. తెర మీద బస్సు కదిలిపోయింది. నాన్న నా వైపు తిరగలేదు. నా చేతిలో కంచం ఉంది. వంటింట్లో కుండలో గ్లాసు మునిగిన చప్పుడు వినిపించింది.

"టీవీ కట్టెయ్యి. కళ్ళు లాగుతున్నాయి" అన్నాడు.

కట్టేశాను. ఆయన అన్నం మొత్తం తిన్నాడు. అలా తినకపోయినా బాగుండేదనిపించింది.

ఆ మర్నాడు నేను చెప్పులేసుకుంటుంటే ఏమైనా అంటాడని ఆగాను. చెప్పుల పట్టీ రెండుసార్లు విప్పి పెట్టుకున్నాను. సొంత పెళ్ళాన్ని దింపిన మనిషి. ఒక్క మాట, దిగు అంటే చాలు, దిగిపోయేదాన్ని. నిజంగా దిగిపోయేదాన్ని. ఆయన ఎదురింటి ట్యాంకు వైపు చూస్తూ, గొడుగు తీసుకెళ్ళమన్నాడు, మబ్బు పట్టిందని. తీసుకుని వెళ్ళాను. ఆ తరువాత ఇంకా తొమ్మిది రోజులు వెళ్ళాను. ఎందుకంటే చెప్పలేను. అలిసిపోయిన మనిషికి ఆగిపోవడానికి కూడా ఓపిక కావాలి.

టీవీ పెట్టమని ఆయన మళ్ళీ అడగలేదు. నేను పెట్టబోతే వద్దన్నాడు.

వానలు పడ్డాక సమ్మె విరిగిపోయింది. లోపల పని నడుస్తూనే ఉందని, ఇక బయట కూర్చుని లాభం లేదని పెద్దలు ఒప్పుకున్నారు. తీసేసిన ఏడుగురూ బయటే ఉండిపోయారు. వాళ్ళకి తోడు ఇంకో తొమ్మిది మందిని తీసుకునేది లేదని కంపెనీ కాగితం అంటించింది. అందులో తమ్ముడి పేరుంది. నా పేరు తీసుకునేవాళ్ళలో ఉంది. నువ్వైనా లోపలికి వెళ్ళావు, అదే చాలని తమ్ముడు నా భుజం తట్టాడు. ఇప్పుడు నేను సబ్బు వాసనతో ఇంటికి రావడానికి ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

జీతం రాగానే కేబుల్ ఆయన్ని పిలుస్తానన్నాను. నాన్న వద్దన్నాడు. పోనీ గాలిలో వచ్చేదైనా చూడు, లైసెన్సు అక్కర్లేదన్న కాగితం కూడా ఉంది కదా అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ బాధపడతాను.

ఒక సాయంత్రం వాన కురుస్తుండగా తమ్ముడు ఆ నోటు పుస్తకం పట్టుకుని నాన్న మంచం పక్కన కూర్చున్నాడు. పని లేనివాడికి అదే పని అయింది. పదిహేను మందిలో పద్నాలుగు మంది తేలారట. ఒక్కరు మిగిలారు. డిపో దగ్గర చివరికి ముందు ఎక్కినావిడ. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను, చేతిలో తుడుస్తున్న గిన్నె.

"నువ్వా రోజు చూశావు కదా నాన్నా. మనిషి బస్సు ఎక్కే తీరు చూసి ఎవరో చెప్పేసేవాడివి. ఆవిడెవరో నీకేమైనా తెలిసిందా?"

నాన్న కిటికీలోంచి ట్యాంకు మీద పడుతున్న వాన వైపు తిరిగాడు.

"తెలియలేదురా. మనకి తెలిసిన మనిషి కాదు" అన్నాడు.

తమ్ముడు నమ్మాడు. నాన్న మాట నమ్మకపోవడం ఎలాగో మా ఇద్దరికీ ఎవరూ నేర్పలేదు. ఆ పేజీ చింపి, ఉండచేసి, సిగరెట్టు కాల్చుకోవడానికి మెట్ల మీదికి వెళ్ళిపోయాడు. డెబ్భై రెండేళ్ళ వయసులో మా నాన్న ఆడిన మొదటి అబద్ధం అది. దాన్ని ఆడించింది నేను.

నేను వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను. క్షమించమని అడగాలనుకున్నాను. అంతలో ఆయనే మాట్లాడాడు, చాలా మెల్లగా, కోపం లేకుండా.

"నా కోసం వెళ్ళానని మాత్రం అనుకోకు అమ్మాయ్. అది నేను మొయ్యలేను."

అనుకోనని చెప్పాను. దుప్పటి సరిచేసి, దీపం వేసి, వంటింట్లోకి వచ్చేశాను. అది జరిగి చాలా ఏళ్ళయింది, ఆయన పోయి కూడా ఏళ్ళయింది. నేను ఇప్పటికీ ఆయన కోసమే వెళ్ళానని అనుకుంటూనే ఉన్నాను.